ముక్కు కిందికి పెట్టిన పొద్దు

బండి స్టార్టు కాకపోతే మన పక్క మొదట బ్యాటరీని తిడతారు. తర్వాత చలిని. ఆ తర్వాత డ్రైవర్ని. నేను ముగ్గుర్నీ తిట్టినాను. 2022 డిసెంబరు మొదట్నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఇదే పని. ఇరవై ఏడు వేలు ఖర్చు పెట్టినాను, అండగా ఉన్న పిల్లోన్ని ఇంట్లోనుంచి పంపేసినాను. చివరికి తప్పు దొరికింది నూట ఎనభై రూపాయల సామాను దగ్గర. ఇది చదివేవాళ్ళలో పాత డీజిల్ బండో, ట్రాక్టరో ఉండేవాళ్ళు శానా మంది ఉంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాండా.

మాది పుంగనూరుకూ మదనపల్లికీ నడిమధ్య పల్లె. బండి పాత 407. పదకొండేండ్ల కిందట సెకండ్‌హ్యాండులో తీసుకుంటి. మాకు రెండెకరాల టమాటా. మా సరుకుతో పాటు చుట్టుపక్కల నాలుగైదు ఇండ్లోళ్ళ క్రేట్లు కూడా ఏసుకుని మదనపల్లి మార్కెట్టుకు పోతాం. మన సరుకూ పోతుంది, బాడుగా వస్తుంది. బండి తోలేది మా అక్క కొడుకు. అక్కను కుప్పం పక్క ఇచ్చినాం. పిల్లోడు డిగ్రీ సగంలో ఇడిసిపెట్టి నా దగ్గరికి వచ్చి మూడేండ్లైంది. ఇరవై రెండేండ్లోడు. మాట తక్కువ, పని ఎక్కువ.

మార్కెట్టు సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. వేలం మొదలయ్యే లోపల సరుకు దిగి వరసలో ఉండాల. బయట రాష్ట్రాలకు పోయే లారీలు నిండేదాకా ఒక రేటు, నిండినాక ఇంకో రేటు. కాయ అదే, తోట అదే, గంట మాత్రమే తేడా.

డిసెంబరులో చలి మొదలయ్యేసరికి బండి మొండికేసింది. మొదట రెండు మూడు సార్లు తాళం తిప్పితే పడేది. తర్వాత అయిదారు సార్లు. చలి కదా అనుకున్నాం. మదనపల్లి చలి ఊరికే చెప్పుకునేది కాదు. నూరేండ్ల కిందట క్షయ రోగులకు మంచి గాలి కావాలని ఆరోగ్యవరంలో ఆస్పత్రి కట్టింది ఈ వాతావరణం చూసే. ఈపొద్దుకీ పేపర్లో చలి లెక్కలు వేస్తే ఆరోగ్యవరం పేరు కనపడుతుంది. ఊర్లో ఒకాయన డీజిల్ గడ్డకట్టింటుంది అన్నాడు. అది తప్పు. డీజిల్ చిక్కబడాలంటే మన పక్క ఉండే చలి చాలదు, సున్నా దగ్గరికి పోవాల. మన చలికి గట్టిపడేది ఇంజన్ ఆయిలు, నీరసపడేది బ్యాటరీ. అంతవరకే. కానీ ఆ పొద్దు నాకు ఇంత తెలీదు. తల ఊపినాను.

పిల్లోడు మాత్రం ఇంకో మాట చెప్పినాడు.

మా ఇంటి ముందర నేల ఏటవాలు. ఇంటి పక్క మిట్ట, రోడ్డు పక్క పల్లం. నేను బండిని ఎప్పుడూ ముక్కు ఇంటి పక్కకు పెట్టి, వెనక తలుపు రోడ్డు పక్కకు ఉండేట్టు నిలిపిస్తా. రాత్రి క్రేట్లు ఎక్కించేదానికి సులువు. పిల్లోడు ఒకో దినం రివర్సులో తెచ్చి ముక్కు రోడ్డు పక్కకు, అంటే కిందికి పెట్టేవాడు. దానికి నేను గొణిగేవాన్ని. ఒకపొద్దు వాడన్నాడు: "మామా, ముక్కు కిందికి పెట్టిన పొద్దు తిప్పిన వెంటనే పడతాంది. పైకి పెట్టిన పొద్దే సతాయిస్తాంది."

నేను నవ్వినాను. "పల్లంలో దొర్లిస్తే చెక్కబండైనా పడతాది లేరా."

"దొర్లించలేదు మామా. నిలబడిన చోటే పడింది."

నేను ఇనలేదు. ఇంకోటి కూడా ఉంది. వాడు తెల్లవారుజామున బానెట్టు ఎత్తి, పంపు పక్కన ఉండే చేతి పంపును ముప్పై నలభై సార్లు కొట్టి, అప్పుడు తాళం తిప్పేవాడు. అట్ల చేసిన దినం కూడా బండి పడేది. "దాన్ని ఊరికే గెలకొద్దురా, పంపు చెడిపోతే పదైదు వేలు" అని నేనే ఆపించినాను. ఈ రెండు మాటలూ మీరు గుర్తు పెట్టుకోండి. జబ్బూ, జబ్బు పేరూ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి.

ఇంగ ఆ దినం సంగతి. డిసెంబరు ఆఖర్లో, తొంబై అయిదు క్రేట్లు. మావి నలభై, మిగతావి ముగ్గురివి. రాత్రి పదకొండుకు ఎక్కించి పట్టా కట్టి పడుకున్నాం. మూడున్నరకు పిల్లోడు తాళం తిప్పినాడు. తిరుగుతుంది, పడదు. తిరుగుతుంది, పడదు. నిద్రలోంచి లేచి నేనూ పోయి కూర్చుని తిప్పినాను. ఆపకుండా తిప్పినాను. సెల్ఫ్ మోటారు గొంతు తగ్గుతా తగ్గుతా వచ్చి టక్ టక్ అని నిలిచిపాయ. బండి లోడుతో ఉంది, తోసేదానికి కాదు. ముక్కు పైకి ఉంది, దొర్లించేదానికీ కాదు. ట్రాక్టరున్న అన్నను లేపి, గొలుసు కట్టి రోడ్డు మీదికి లాగి స్టార్టు చేసేసరికి ఆరు దాటింది. మార్కెట్టులో దింపేసరికి మంచి పాట అయిపోయింది. మా ఊరోళ్ళవే వేరే బండిలో పోయిన క్రేట్లు 240 పలికినాయి. మావి 150. క్రేటు దగ్గర దగ్గర పాతిక కిలోలు. లెక్క మీరే వేసుకోండి. కోత కూలి, బాడుగ, కమిషను పోతే చేతికి ఏం మిగలదు.

నా నష్టం నేను మింగుతా. మిగతా ముగ్గురి ముఖాలు ఎట్ల చూడాల? వాళ్ళల్లో ఒకామె మొగుడు పోయి ఇద్దరు బిడ్డల్తో అర్ధెకరం పెట్టుకుంది. ఆమె ఒక్క మాట అనలేదు. "ఏం చేస్తాం లేన్నా" అనింది. దానికన్నా తిట్టింటే బాగుండు.

ఆ కోపమంతా ఇంటికొచ్చి పిల్లోని మీద పోసినాను. రాత్రి లైటు ఏసి మర్చిపోయినావు, అందుకే బ్యాటరీ దిగింది అన్నాను. ఫోన్ ఛార్జింగు బండిలో పెట్టుకుని పాటలు ఇన్నావు అన్నాను. వాడు, "లైటు ఏలేదు మామా" అన్నాడు. "మొదట బాగానే తిరిగింది కదా, బ్యాటరీ దిగుంటే మొదటే తిరగదు కదా" అన్నాడు. నిజమే కదా! నేను దానికి బదులు చెప్పలేక ఇంకో మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను. మధ్యాన్నం బువ్వ తినకుండా బ్యాగు తీసుకుని పుంగనూరు బస్సెక్కినాడు. వారం తర్వాత అక్క ఫోన్ చేసి చెప్పింది, కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయినాడు, ఆడ కంపెనీ బండి తోలతాండాడు అని.

ఇంగ నా రిపేర్లు మొదలైనాయి.

మొదట కొత్త బ్యాటరీ, తొమ్మిది వేలు. పెట్టిన వారం దినాలు బండి పడింది. చూసినారా, వాడు లైటు ఏసి మర్చిపోయిన మాట నిజమే అని మా ఆడోళ్ళతో అన్నాను. తర్వాత మళ్ళీ అదే కథ. ఇప్పుడు బ్యాటరీ బలంగా ఉంది కాబట్టి నిమిషం సేపు ఆపకుండా తిప్పేవాన్ని, చివరికి పడేది. అట్ల తిప్పీ తిప్పీ పదైదు దినాలకు సెల్ఫ్ మోటారు కాలిపాయ. దానికి నాలుగు వేలు. మొదటి రిపేరు కడుపున రెండో రిపేరు పుట్టిందని నాకు అప్పుడు తెలీలేదు. సెల్ఫును పది పదైదు సెకన్ల కన్నా తిప్పకూడదు, నిమిషమైనా ఆరనిచ్చి మళ్ళీ తిప్పాల. అది లాగే కరెంటుకు లోపల తీగలు పొయ్యి మీద పెట్టినట్టు కాలతాయి.

మూడోది పంపు. బండ్లోళ్ళంతా పంపు పోయింది అన్నారు. విప్పి పట్టణంలో ఇచ్చినాను. పద్నాలుగు వేలు. మన పక్క డీజిల్ పంపు అంటే మైకో పంపు అనే అంటాం కదా. 1951లో బెంగుళూరులో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరు అది. 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా మెకానిక్కుల నోట్లో ఇంకా మైకోనే. పంపు చేసి బిగించినాక తొమ్మిది దినాలు బండి గుర్రం మాదిరి పడింది. దేవునికి టెంకాయ కొట్టినాను. పదో దినం మళ్ళీ మామూలే.

ఇక్కడే నేను మోసపోయింది. చేసిన ప్రతి తప్పు రిపేరుకూ బండి కొంచెం బాగైంది. ఏమాత్రం బాగు కాకపోయుంటే ఇది కాదని ఇంకో దావ ఎతికేవాన్ని. సగం బాగు కావడంతో దావ సరైందే, ఇంకొంచెం పోవాల అనుకున్నాను. పురుగు మందుల దగ్గర కూడా మనం ఇట్లనే మోసపోతాం. కొట్టిన నాలుగు దినాలు ఆకు పచ్చగా కనపడితే అదే మందు ఇంకో ట్యాంకు కొడతాం.

నాలుగో సలహా ఇంజన్ పోయింది అని. బోరు అరిగింది, కంప్రెషన్ లేదు, పిస్టన్లు లైనర్లు మార్చాల, డెబ్బై వేలు తక్కువ కాదు. అంత పెట్టేదానికన్నా పాత సామాను కింద అమ్మేయమని ఒక బ్రోకరు ఇంటికే వచ్చినాడు. అడిగిన రేటు చెప్తే మీరు నవ్వుతారు. నేను నవ్వలేదు. రెండు దినాలు ఆలోచించినాను.

ఈ నడమ మా నాయన గుర్తుకొచ్చినాడు. కరెంటు మోటార్లు రాకముందు మా బాయి మీద ఆయిల్ ఇంజను ఉండేది, అయిదు హార్స్‌పవరు, హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేది. నాయన పైన ఉండే లివరు ఎత్తి పెట్టి, హ్యాండిలు మెల్లగా తిప్పుతా చెవి పెట్టి ఇనేవాడు. లోపల నాజిలు 'కిర్రు' 'కిర్రు' అనాల. ఆ సద్దు వస్తే డీజిలు నాజిలు దాకా వచ్చినట్టు. అప్పుడు జోరుగా తిప్పి లివరు పడేస్తే డుబ్ డుబ్ అని లేస్తుంది. కిర్రుమనకపోతే నాయన తిప్పడం ఆపేసి, పైపు నట్టు వదులు చేసి గాలి తీసేవాడు. "కిర్రుమనకుండా తిప్పితే చెయ్యి నొచ్చుతుంది గాని ఇంజను లేస్తుందా" అనేవాడు. నేను పక్కనే నిలబడి నూరు సార్లు చూసినాను. ఇనిందీ నూరు సార్లే.

డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పదిహేడు పద్దెనిమిది వంతులు కుదించి నొక్కితే ఆ గాలే మండిపోయేంత వేడి అవుతుంది. అందులోకి డీజిలును సన్నటి తుంపరగా కొడితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు 1897లో దీన్ని ఆడించి చూపించినాడు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్లో ఇట్లాంటి ఇంజన్నే శెనక్కాయ నూనెతో నడిపినారు. మన రాయలసీమ శెనక్కాయ నూనెతో కాదులే, అయినా ఆ మాట చదివినప్పుడు నాకు సంతోషమైంది. చెప్పొచ్చేదేమంటే, ఈ ఇంజనుకు కావాల్సింది మూడే: జోరుగా తిరగాల, గాలి బాగా నొక్కుకోవాల, డీజిలు రావాల. నేను మొదటి దానికీ మూడో దానికీ డబ్బులు పెట్టి, రెండో దాని కోసం బండినే అమ్మబోతాండాను. డీజిలు నాజిలు దాకా వస్తోందా అని మాత్రం ఒక్క పొద్దూ చూడలేదు.

ఫిబ్రవరిలో అక్కోళ్ళ ఇంట్లో శుభకార్యం. దాంతో పాటు చేనుకు కంచె వేసేదానికి రాతి కూసాలు కుప్పం పక్క తెచ్చుకోవచ్చని బండి తీసుకునే పోయినాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోయేసరికి సాయంత్రమైంది. ఆ అడవి దావలో ఏనుగుల భయం, రాత్రి తిరిగి వచ్చేది లేదు. అక్కోళ్ళ వీధి కూడా మిట్ట. ముక్కు పైకే పెట్టినాను. ట్యాంకులో పావు వంతు డీజిలు. ఆ దినాల్లో ఎప్పుడూ పావు వంతే, వెయ్యి రూపాయలకు మించి కొట్టించే స్థితి లేదు.

తెల్లార్తో లేచి తిప్పితే బండి పడలేదు. ఇంటినిండా చుట్టాలు, వీధి వీధంతా చూస్తాండాది. పిల్లోడు రాలేదు, సెలవు దొరకలేదని అక్క చెప్పింది. నాకు తెలుసు ఎందుకు రాలేదో. మా బావ పోయి ఒక పెద్ద మెకానిక్కును పిల్చుకుని వచ్చినాడు. అరవై దాటిన మనిషి, గ్రానైటు రాళ్ళు తోలే లారీలకు పని చేసి చేసి చేతి గీతల్లో నలుపు పోకుండా నిలిచిపోయింది. సగం తెలుగు, సగం తమిళం.

నేను చేయించిన రిపేర్లన్నీ వరసగా చెప్పబోతే చెయ్యెత్తి ఆపినాడు. "అయిదు సెకన్లు తిప్పప్పా" అని సైలెన్సరు దగ్గర పోయి నిలబడినాడు. తిప్పినాను.

"పొగ లేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పిన మాట నా భాషలో రాస్తా. ఇంజను బాగా తిరుగుతాంది, పడలేదు, పొగ కూడా లేదు అంటే డీజిలు లోపలికి పోనేలేదు. తెల్ల పొగ వస్తాంటే డీజిలు పోతాంది గాని అంటుకోలేదు, అప్పుడు చలి, హీటరు ఉండే బండైతే హీటరు ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగు చూడాల. నల్ల పొగ వస్తే గాలి చాల్లేదు, ఎయిర్ ఫిల్టరు చూడాల. అసలు సరిగా తిరగకపోతే హెడ్‌లైటు ఏసి తిప్పాల. లైటు బాగా మందగిస్తే బ్యాటరీ నీరసం, లేకపోతే వైర్లో అడ్డు. తిప్పినాక బ్యాటరీ నుంచి ఇంజనుకు పోయే అర్తింగు వైరును పట్టుకుని చూస్తే, అడ్డు ఉన్న చోట చెయ్యి కాలుతుంది. లైటు తగ్గకుండా ఇంజను కూడా కదలకపోతే సెల్ఫ్ దగ్గర తప్పు. మీటరు ఉంటే ఇంకా మేలు: ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 ఓల్టులు చూపించాల, తిప్పేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పోగూడదు. ఇదంతా చూసేదానికి స్పానరు కూడా అక్కర్లేదు. నేను ఇరవై ఏడు వేలు పెట్టినాను.

"కంప్రెషన్ పోయిందన్నారు సామీ" అన్నాను.

"కంప్రెషన్ పోతే తెల్ల పొగ కక్కతా లేస్తుంది. ఇది పొగే లేదు. మధ్యాన్నం ఆపి గంట తర్వాత తిప్పితే పడతాందా?"

"టక్కున పడతాంది."

"రాత్రి నిలిపితేనే పడదు."

"అవును."

ఆయన బానెట్టు ఎత్తి చేతి పంపు పట్టుకున్నాడు. నేను మా పిల్లోన్ని ముట్టుకోవద్దన్న అదే పంపు. మొదటి పదైదు సార్లు గాలి కొట్టినట్టు వదులుగా పోయింది. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి కొట్టినాడు. సబ్బు నురగ మాదిరి వచ్చింది. కొట్టీ కొట్టీ నురగ పోయి చిక్కగా, నిండుగా డీజిలు వచ్చినాక స్క్రూ బిగించినాడు. పంపు కూడా బిగుసుకుంది. "ఇప్పుడు తిప్పు."

అర చుట్టుకు పడింది. వీధిలో పిల్లోల్లు చప్పట్లు కొట్టినారు.

"రాత్రంతా డీజిలు ట్యాంకులోకి ఎనక్కి పోతాంది" అన్నాడు. యాడా కారలేదే, కింద సుక్క పడలేదే అంటే ఆయన నవ్వినాడు. టెంకాయ నీళ్ళు తాగే పుల్లకు మధ్యలో బొక్క పడితే నీళ్ళు బయటికి కారతాయా? పీలిస్తే గాలి వస్తుంది, నీళ్ళు పైకి రావు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే పైపు ఆ పుల్ల లాంటిది. దాంట్లో డీజిలును పంపు పీలుస్తుంది. ఆ దావలో ఎంటికంత సందు ఉన్నా బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బండి నిలిపినాక ఆ గాలి పైకి చేరి, పైపులో ఉన్న డీజిలు మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. గంటకు కొంచెమే దిగుతుంది కాబట్టి మధ్యాన్నం పడుతుంది. పది గంటలకు పైపంతా ఖాళీ.

తర్వాత ఒక మాట అడిగినాడు. "బండి ముక్కు పల్లంలోకి పెట్టిన దినం పడుతుందా?"

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. పడతాంది అన్నాను.

"పడతాది. ఆ పొద్దు ట్యాంకు పైన, పంపు కింద. డీజిలు దానంతటదే పంపు దగ్గరికి వచ్చి నిలుస్తుంది. ఆ దినం మాత్రం సందులోంచి కొంచెం తడి బయటికి వచ్చింటుంది. చూసుండవు."

చూసినాను. మా ఇంటి ముందర రూపాయి బిళ్ళంత డీజిలు మరకలు ఉండేవి, బండి ముక్కు కిందికి పెట్టిన చోట. పిల్లోడు డబ్బా పోసేటప్పుడు ఒలకబోసినాడని దానికీ తిట్టింటి. ట్యాంకు నిండుగా ఉంటే కూడా ఇంతే, డీజిలు మట్టం పైకి ఉంటుంది కాబట్టి సులువుగా పడుతుంది. చేతిలో డబ్బు లేని దినాల్లోనే బండి సతాయించింది ఎందుకో కూడా ఆ పొద్దే తెలిసింది.

ఆయన తప్పు ఎతికిన తీరు చెప్తా. కొట్టు నుంచి గజం పొడవు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం తెప్పించి, ట్యాంకు పైపుకూ పంపుకూ మధ్యలో పెట్టి ఇంజను ఆడించినాడు. గొట్టంలో బుడగలు వరసగా పోతాండాయి, చీమల బారు మాదిరి. ఛాసిస్ దగ్గర ఒక రబ్బరు పైపు ముక్క ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కి పట్టుకుంటే బుడగలు తగ్గినాయి. విప్పి చూస్తే క్లిప్పు కింద రబ్బరు ఎండి నెర్రెలు ఇచ్చింది, ఎండాకాలం చెరువు అడుగు మాదిరి. అది మార్చినాక కూడా ఒకటీ అరా బుడగ వచ్చింది. పంపు దగ్గర బోల్టు విప్పితే రాగి వాషరు చదునైపోయి గీత పడింది. పట్టణంలో పంపు బిగించేటప్పుడు పాత వాషరే మళ్ళీ వేసినట్టుంది. వాళ్ళు గట్టిగా బిగించి, గాలంతా తీసి ఇచ్చినారు కాబట్టి తొమ్మిది దినాలు నడిచింది. అదురుకు వదులైనాక మళ్ళీ పీల్చింది. రబ్బరు ముక్క, రెండు క్లిప్పులు, నాలుగు వాషర్లు: 180 రూపాయలు. ఆయన కూలి 300. ఎక్కువ ఇస్తే తీసుకోలేదు, కాఫీ తాగి పోయినాడు.

పోతా పోతా ఒక జాగ్రత్త చెప్పినాడు. పొద్దున బండి పడలేదని ఎయిర్ ఫిల్టరు దగ్గర గుడ్డ కాల్చి పెట్టడం, స్ప్రే కొట్టడం మానమన్నాడు. ట్రాక్టర్లకు మన ఊర్లల్లో ఇది శానా మంది చేస్తారు, నేనూ చేసినాను. మంట పైపు పక్కకు పాకితే బండి మిగలదు. స్ప్రే ఎక్కువైతే పిస్టను పైకి రాకముందే అంటుకుని లోపల దెబ్బ తింటుంది, హీటరు ఉండే బండైతే ఇంకా ప్రమాదం.

ఆ రాత్రి కూడా అక్కోళ్ళ ఇంట్లోనే ఉన్నాను. కావాలనే మళ్ళీ ముక్కు పైకి పెట్టినాను. ఎనిమిది దాటినాక బెంగుళూరు రైలు దిగి పిల్లోడు ఇంటికొచ్చినాడు. అక్కే ఫోన్ చేసుంటుంది. నన్ను చూసి, "బాగుండావా మామా" అని లోపలికి పోయినాడు. బువ్వ తినేటప్పుడు పక్కన కూర్చుని చెప్పినాను, ముక్కు కిందికి పెట్టిన పొద్దు పడతాందని నువ్వు చెప్పిందే నిజమబ్బా అని. లైటు సంగతి కూడా చెప్పినాను. ఇంకో మాట అన్నాను కదా, దాని గురించి నోరు పెగల్లేదు. అక్క కంచంలో సాంబారు పోస్తా నా ముఖం చూసింది.

వాడు కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సెల్ఫ్ కూడా మార్చినావంట, ఎంతైంది?" అన్నాడు. నాలుగు వేలు అన్నాను. "పంపుకో?" పద్నాలుగు. తల కొట్టుకున్నాడు. చెయ్యి కడుక్కుని ఫోన్ లైటు తీసుకుని బయటికి పోయినాడు. చాలా సేపు బండి కిందనే ఉన్నాడు.

తెల్లవారి మొదటి తిప్పుకే బండి పడింది. వాడు అప్పటికే రైలుకు పోయినాడు.

మళ్ళీ నా దగ్గర పనికి రాలేదు. నెల జీతం వస్తాంది, నేను రమ్మనే ముఖం కూడా లేదు. కానీ 2023 జూలైలో, మదనపల్లిలో కిలో టమాటా 200 దగ్గర దాకా పోయిన ఆ దినాలు మీకు గుర్తుండే ఉంటాయి, తోటలకు రాత్రి కాపలా పండుకున్నాం కదా, అప్పుడు నేను అడగకుండానే వారం సెలవు పెట్టి వచ్చినాడు. ఆ అర్ధెకరం ఆమె తోటలో కూడా కాయ ఉంది. ఆమె క్రేట్లు వాడే చేత్తో ఎక్కించినాడు, అన్నిటికన్నా వెనక, ముందు దిగేట్టు. ఆ వారంలో ఒక్క పొద్దు కూడా బండి మొరాయించలేదు.

అయినా రాత్రి వచ్చి నిలిపేటప్పుడు రివర్సులో తెచ్చి ముక్కు రోడ్డు పక్కకే పెట్టేవాడు. క్రేట్లు ఎక్కించేదానికి కష్టమవుతాదిరా, ఇప్పుడు దాంతో పని లేదు కదా అన్నాను.

"ఉండనీ మామా" అన్నాడు.